పేరు తెలియని బేగం: 18వ శతాబ్దపు హైదరాబాదీ పక్కముఖ చిత్రాన్ని వేయడం ఎలా

జరోకా కిటికీలో నడుము దాకా కనిపించే ఒక స్త్రీ. ముఖం పూర్తిగా ఒక పక్కకు తిరిగి ఉంటుంది, వేళ్ళ మధ్య ఓ పువ్వు, తల మీద పారదర్శకమైన దుపట్టా, మెడ నిండా ముత్యాలు. 18వ శతాబ్దపు దక్కనీ చిత్రాల్లో ఈ బొమ్మ పదే పదే కనిపిస్తుంది, ఆమె పేరు మాత్రం చాలాసార్లు ఎక్కడా ఉండదు. దీనికి కారణం తెలిస్తే చిత్రం వేయడం తేలికవుతుంది. పరదా చాటున ఉండే జనానా స్త్రీలను ఎదురుగా కూర్చోబెట్టి చూసి వేసే వీలు మగ చిత్రకారులకు లేదు. కాబట్టి వాళ్ళు వేసింది ఫలానా మనిషి పోలికను కాదు, అందంగా కుదిరిన ఒక నమూనా ముఖాన్ని. ఆ నమూనాకు ఒక ఖాకా, అంటే అచ్చులా మళ్ళీ మళ్ళీ దించుకునే గీతల బొమ్మ, ఉండేది. అదే ఖాకా మీద నగలు మార్చి, దుపట్టా రంగు మార్చి, చేతిలో పువ్వుకు బదులు పాత్ర పెట్టి ఎందరో స్త్రీలను చిత్రించారు.

ఇలా పక్కకు తిరిగిన ముఖాన్ని సూక్ష్మచిత్రకారులు ఏక్ చశ్మ్ అంటారు, అంటే ఒకే కన్ను కనిపించేది. ఇందులో పోలికంతా నుదురు నుంచి గొంతు దాకా దిగే ఒకే ఒక్క గీతలో ఉంటుంది. అస్తరు (అడుగున వేసే తెల్లపూత) వేసినా, రంగు పూసినా, రాయితో మెరుగు పెట్టినా ఆ గీత మరుగున పడుతూనే ఉంటుంది. ప్రతిసారీ దాన్ని తిరిగి తెచ్చుకోవాలి. ఈ పద్ధతిలో చెడిపోయే బొమ్మల్లో ఎక్కువ భాగం చెడేది రంగుల వల్ల కాదు, మధ్యలో ఎక్కడో ఆ గీత జారిపోవడం వల్ల.

మొదలుపెట్టే ముందు ఒకసారి అసలు చిత్రాలను దగ్గర నుంచి చూడండి. హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం, జగదీశ్ కమలా మిత్తల్ మ్యూజియం రెండింటిలోనూ దక్కనీ చిత్రాల సేకరణలున్నాయి. 1762 నుంచి 1803 దాకా పాలించిన నిజాం అలీ ఖాన్ ఆస్థానంలో పనిచేసిన చిత్రకారుడు రాయ్ వెంకటాచలం పేరు కనబడితే అక్కడ ఆగండి. చూడాల్సింది బొమ్మ మొత్తాన్ని కాదు, మూడు చోట్లను: పెదవుల దగ్గర గీత ఎలా మలుపు తిరిగింది, చెంప మీద నుదుటి జుట్టు ఎక్కడ ఆగింది, దుపట్టా అంచు భుజం మీద ఎలా పడింది.

వస్లీ తయారీ

వస్లీ అంటే పొరలు పొరలుగా అతికించి నునుపు చేసిన కాగితపు అట్ట. చేతితో చేసిన నూలు కాగితం, 80 నుంచి 100 జీఎస్ఎం బరువున్నది, 4 షీట్లు తీసుకోండి. తెలంగాణలో కోరుట్ల ఒకప్పుడు చేతికాగితానికి పేరుపడ్డ ఊరు. ఇప్పుడైతే రాజస్థాన్ నుంచి వచ్చే నూలు కాగితం ఆర్ట్ షాపుల్లో దొరుకుతుంది. సిద్ధంగా చేసిన వస్లీ కూడా అమ్ముతారు గానీ మొదటిసారికైనా సొంతంగా చేసుకోండి, నునుపు ఎలా వస్తుందో చేతికి తెలుస్తుంది.

50 గ్రాముల మైదాను అర లీటరు నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, సన్నని మంట మీద 10 నిమిషాలు తిప్పుతూ ఉడికించండి. పాలమీగడలా చిక్కబడ్డాక దించి, చిటికెడు మైలుతుత్తం పొడి కలపండి. ఇది సిల్వర్‌ఫిష్ లాంటి పురుగులు కాగితాన్ని తినకుండా కాపాడుతుంది. మైలుతుత్తం విషం కాబట్టి ఆ గిన్నెనూ గరిటెనూ మళ్ళీ వంటకు వాడకండి. చల్లారాక పలుచని గుడ్డలో వడకట్టాలి. వడకట్టకపోతే ఒక్క ఉండ చాలు, రెండు వారాల తర్వాత సరిగ్గా చెంప మీదే బొడిపెలా తేలుతుంది.

వెడల్పాటి బ్రష్‌తో జిగురు పలుచగా పూస్తూ షీటు మీద షీటు అతికించండి. నడుమ నుంచి అంచులకు అరచేతితో నొక్కుతూ గాలి బయటకు పంపండి. పైనా కిందా పాత నూలు గుడ్డ పరిచి, చదునైన చెక్కల మధ్య బరువు పెట్టి మూడు రోజులు ఆరనివ్వండి. ఎండలో పెడితే ఆరుతుంది గానీ విల్లులా వంగుతుంది. ఆరాక 24×17 సెంటీమీటర్లకు కత్తిరించి, గాజు పలక మీద పెట్టి అకీకు (అగేట్) రాయితోగానీ నున్నటి గవ్వతోగానీ రెండు దిక్కుల్లోనూ రుద్దండి. వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే కోడిగుడ్డు పెంకులాంటి మెరుపు రావాలి. నొక్కి రుద్దితే పై పొర లేచి నూగు వస్తుంది. అలా నూగు లేచిన చోట రంగు ఎప్పటికీ సమంగా పట్టదు.

రంగులు, బంక, కుంచె

పాతవాళ్ళు వాడినవన్నీ వాడాలన్న పట్టుదల వద్దు. వాళ్ళ తెలుపు సీసం నుంచి, ఇంగిలీకం అనే ఎరుపు పాదరసం నుంచి, హరిదళం అనే పసుపు పాషాణం (ఆర్సెనిక్) నుంచి వచ్చినవి. ఇంట్లో నూరడానికి అవి తగవు. చిలుము నుంచి చేసే పచ్చ అయితే కాలక్రమంలో కాగితాన్నే తినేస్తుంది. పాత చిత్రాల్లో పచ్చని చోట్ల గోధుమరంగు చీలికలు కనిపించేది అందుకే. తెలుపుకు జింక్ వైట్, ఎరుపుకు మంచి కంపెనీ ట్యూబు వాటర్‌కలర్ వాడండి. మిగిలినవి పాత పద్ధతిలోనే చేసుకోవచ్చు: కావిరాయి, పసుపు మట్టి, నీలిమందు, దీపపు మసి, లత్తుక. వీటిలో ఏదీ ఖరీదైనది కాదు.

బంకకు 20 గ్రాముల తుమ్మబంకను 40 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళలో రాత్రంతా నానబెట్టి వడకట్టండి. బూజు పట్టకుండా ఒక చుక్క లవంగ నూనె వేయండి. ఒక టీస్పూను రంగుపొడిని గాజు పలక మీద కొద్దిగా నీళ్ళతో అరగంట నూరి, బంక 8 చుక్కలతో మొదలుపెట్టి కలపండి. ఓ చిన్న కాగితం మీద పూసి ఆరనిచ్చి వేలితో రుద్దండి. వేలికి రంగు అంటితే బంక చాలలేదు. ఆరిన రంగు మెరుస్తూ, కాగితం వంచితే పెళుసుగా చిట్లితే బంక ఎక్కువైంది. నీలిమందుకూ మసికీ బంక కొంచెం ఎక్కువ కావాలి, తెలుపుకు తక్కువ చాలు. ప్రతి రంగుకూ విడిగా పరీక్షించండి.

పాత కుంచెలు ఉడుత తోక వెంట్రుకలతో కట్టినవి. ఉడుతల జోలికి వెళ్ళడం ఇప్పుడు చట్టం ఒప్పదు, అవసరమూ లేదు. 000 సైజు సేబుల్ కుంచె, దానితో పాటు 2 సైజుది ఒకటి చాలు. కొనేటప్పుడు నీళ్ళలో ముంచి విదిలించండి. మొన ఒకే వెంట్రుకగా కూడితే తీసుకోండి, రెండుగా చీలితే వదిలేయండి.

ఖాకా గీయడం

ఈ పనికి ఒక రోజంతా ఇవ్వండి. బొమ్మ చట్రం 15×10 సెంటీమీటర్లు, తల ఎత్తు 4 సెంటీమీటర్లు అనుకుందాం. ట్రేసింగ్ కాగితం మీద 4 సెంటీమీటర్ల చదరం గీయండి. పై గీత నడినెత్తి, కింది గీత గడ్డం, ముందు గీత నుదురు, వెనక గీత జుట్టుతో సహా తల వెనుక భాగం. నడినెత్తి నుంచి 5 మిల్లీమీటర్ల కింద నుదుటి జుట్టు మొదలవుతుంది. అక్కడి నుంచి గడ్డం దాకా ఉన్న 35 మిల్లీమీటర్లను మూడు సమభాగాలు చేస్తే మొదటి గుర్తు కనుబొమ, రెండోది ముక్కు అడుగు, మూడోది గడ్డం.

నుదురు నిట్టనిలువుగా ఉండదు, పైకి వెళ్ళేకొద్దీ కాస్త వెనక్కు వాలుతుంది. ముక్కు మొదట్లో నొక్కు చాలా స్వల్పం, కనిపించీ కనిపించనట్టు. ఇక్కడ లోతుగా నొక్కితే ముఖం యూరోపియన్ బొమ్మలా మారిపోతుంది. ముక్కు కొన చదరం ముందు గీతను దాటి 3 మిల్లీమీటర్లు బయటకు వస్తుంది. నోటి గీత ముక్కు అడుగు నుంచి 4 మిల్లీమీటర్ల కింద. పై పెదవి కింది పెదవి కన్నా వెంట్రుకవాసి ముందుంటుంది. గడ్డం చిన్నది, గుండ్రనిది. దాని కింద మెత్తటి వంపొకటి గొంతులోకి జారుతుంది. ఆ వంపు మరిచిపోతే పదిహేనేళ్ళ పిల్ల ముఖం వస్తుంది, ఎక్కువైతే వయసు మీరిన మనిషి ముఖం వస్తుంది.

కన్ను దగ్గరే అందరూ తప్పు చేస్తారు. ఎదురుగా చూసే కన్నును తెచ్చి పక్కముఖంలో అతికిస్తారు. ఇక్కడి కన్ను తామరరేకును ముందువైపు కత్తిరించినట్టు ఉండాలి. ముందువైపు వెడల్పుగా తెరుచుకుని, వెనకవైపు సన్నబడి కణత వైపు సాగుతుంది. పొడవు 7 మిల్లీమీటర్లు, ఎత్తు రెండున్నర. నల్లగుడ్డు నడుమ ఉండదు, ముందుకు జరిగి పై రెప్పను తాకుతూ ఉంటుంది. కన్ను ముందు అంచుకూ ముక్కు గీతకూ మధ్య 4 మిల్లీమీటర్లు వదలండి. ఈ ఖాళీ తగ్గితే కోపంగా కనిపిస్తుంది. చెవి చదరం నడిమధ్య నుంచి కాస్త వెనక్కు, కనుబొమకూ ముక్కు అడుగుకూ మధ్య ఎత్తులో ఉండాలి. చాలామంది చెవిని మరీ ముందుకు లాగి చెంపను ఇరుకు చేస్తారు. నగలన్నీ వేలాడేది ఆ చెవికే కాబట్టి అక్కడ తప్పితే నగలూ తప్పుతాయి.

మెడ నిలువు కంబం కాదు. చెవి వెనుక నుంచి ముందుకు వాలుతూ దిగుతుంది. భుజాలు మాత్రం పూర్తి పక్కకు కాకుండా కొంచెం మన వైపు తిరిగి ఉంటాయి, ఛాతీ మీద హారాలు కనిపించడానికి. పువ్వు పట్టిన చేతి వేళ్ళు పొడవుగా, కణుపులు తెలియకుండా గీయండి.

గీత కుదిరాక ట్రేసింగ్ కాగితాన్ని దళసరి గుడ్డ మీద పెట్టి, సన్నని సూదితో గీతల వెంబడి మిల్లీమీటరుకు ఒకటి చొప్పున రంధ్రాలు చేయండి. ముక్కు, పెదవుల దగ్గర ఇంకా దగ్గరగా. వస్లీ మీద ఉంచి, బొగ్గుపొడి మూట కట్టిన పలుచని గుడ్డతో తట్టండి. తట్టాలి, రుద్దకూడదు. పాత కార్ఖానాల్లో సన్నని తోలు మీద ఇలాగే చేసి తరతరాలు దాచుకునేవారు. అదే ఖాకాను తిరగేస్తే కుడివైపు చూసే బేగం ఎడమవైపు చూస్తుంది. మీరు కూడా ఈ కాగితాన్ని పారేయకండి, మధ్యలో గీత పోయినప్పుడల్లా మళ్ళీ పెట్టి సరిచూసుకోవాలి. అందుకు చట్రం నాలుగు మూలల్లో గుర్తు రంధ్రాలు కూడా పెట్టుకోండి.

అస్తరు నుంచి మెరుగు దాకా

బొగ్గు చుక్కలను పలుచని కావి రంగుతో కుంచెతో కలుపుతూ గీసి, బొగ్గును ఈకతో దులిపేయండి. ఆ పైన పాలంత పలుచగా చేసిన జింక్ వైట్‌ను ఒక పూత పూయండి. ఆరాక అడ్డదిక్కులో మరో పూత. కింది కావి గీత మంచులోంచి చూసినట్టు మసగ్గా కనిపించాలి. పూర్తిగా మాయమైతే పూత మందమైంది, తడిగుడ్డతో తుడిచి మళ్ళీ మొదలుపెట్టడమే మేలు. ఆ మసక గీత ఆధారంగా రెండోసారి, ఈసారి దీపపు మసిని బాగా పలుచన చేసి, సరిచేసిన గీత గీయండి.

కుంచెను నిలువుగా పట్టండి. చిటికెనవేలు కాగితం మీద ఆన్చి, కదలికను మణికట్టు నుంచి కాక మోచేతి నుంచి రానివ్వండి. నుదురు నుంచి ముక్కు కొన దాకా ఒకే ఊపిరిలో, ముక్కు అడుగు నుంచి కింది పెదవి దాకా ఒక ఊపిరిలో, గడ్డం నుంచి గొంతు దాకా మరొక ఊపిరిలో. ఈ మూడింటిలో ఏ గీత మధ్యలోనూ కుంచె ఎత్తకండి. కావాలంటే కాగితాన్నే తిప్పుకోండి. ఖాళీ కాగితం మీద ఈ మూడు గీతలను యాభైసార్లు వేసి చూసుకున్నాకే అసలు బొమ్మ మీద చేయి పెట్టండి.

తర్వాత రంగులు నింపడం. ముందు నేపథ్యం, ఆ తర్వాత కిటికీ చట్రం, దాని మీద పరిచిన బట్ట, ఆపై దుస్తులు, చివరికి చర్మం. నేపథ్యాన్ని ముందు వేస్తే దాని అంచు ముఖం గీత మీదికి ఒక వెంట్రుక మేర వచ్చినా చర్మపు రంగుతో వెనక్కు నెట్టవచ్చు. వరుస తిరగేస్తే ముక్కు కొన ప్రతి పూతకూ కొంచెం కొంచెంగా తెగిపోతుంది. దట్టమైన పచ్చ నేపథ్యం ఈ చర్మపు రంగుకు బాగా నప్పుతుంది: నీలిమందులో పసుపు మట్టి, కొద్దిగా తెలుపు. ఒక్క మందపు పూత కన్నా మూడు పలుచని పూతలు వేయండి.

చర్మానికి జింక్ వైట్ 8 పాళ్ళు, పసుపు మట్టి 2, కావి 1. బొమ్మ పూర్తయ్యేదాకా సరిపడేంత ఒకేసారి కలిపి ఆల్చిప్పలో పెట్టుకోండి. ఆరిపోతే నీటి చుక్కతో మళ్ళీ కరుగుతుంది. అయిపోయాక మళ్ళీ కలిపితే మాత్రం అదే ఛాయ రాదు, మెడ ఒక రంగు ముఖం ఒక రంగు అవుతాయి.

రెండేసి పూతలకు ఒకసారి మెరుగు పెట్టాలి. బొమ్మను నున్నటి గాజు మీద బోర్లించి, వెనక వైపు నుంచి అకీకు రాయితో 50, 60 సార్లు సమంగా రుద్దండి. రంగు పొరలు అణిగి కాగితంలో కలిసిపోయి, పింగాణీలాంటి నునుపు వస్తుంది. రంగు పూర్తిగా ఆరకుండా ఈ పని చేస్తే అది గాజుకు అతుక్కుని పెచ్చులుగా లేస్తుంది. మనవైపు జూలై, ఆగస్టు ముసురులో ఇది తరచూ జరుగుతుంది. ఆ నెలల్లో పూతకూ మెరుగుకూ మధ్య ఒక రోజు ఆగండి. మెరుగు పెట్టిన ప్రతిసారీ ఖాకాను మూల గుర్తుల మీద పెట్టి ముక్కూ పెదవుల గీత సరిగా ఉందో లేదో చూసుకోండి.

ముఖంలో ప్రాణం

చెంపకు గుండ్రదనం తెచ్చేది పర్దాజ్. అంటే కంటికి విడివిడిగా కనిపించనంత చిన్న గీతలతో నీడ నింపడం. కావిలో కొద్దిగా లత్తుక కలిపి బాగా పలుచన చేయండి. కుంచెను ముంచి, గుడ్డకు తాకించి దాదాపు పొడిగా చేసి, అర మిల్లీమీటరు గీతలు పెట్టండి. పక్కముఖంలో నీడ కావాల్సిన చోట్లు కొన్నే: కంటి కింద, ముక్కుపుటం పక్కన, పెదవి మూల, దవడ కింద, మెడ వెనుక. ముఖం అంచు గీత వెంబడి మాత్రం నీడ అతి పలుచగా ఉండాలి. మొదటి దఫాలో నీడ కనపడకూడదు, మూడో దఫాకు అనిపించాలి. రంగు ముదురుగా తీసుకుంటే గీతలు మశూచి మచ్చల్లా మిగిలిపోతాయి. అలా జరిగితే చెరపకండి, చర్మపు రంగును నీళ్ళలా చేసి ఒక్క పొర పైన పరిచి మళ్ళీ మొదలుపెట్టండి.

ముఖం తుది గీత నల్లగా ఉండకూడదు. కావిలో చిటికెడు మసి కలిపిన గోధుమరంగు వాడండి. అచ్చ నలుపు కనుబొమకు, రెప్ప గీతకు, నల్లగుడ్డుకు, జుట్టుకు మాత్రమే. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట ముందు పలుచని బూడిదరంగు పూసి, దాని మీద ఒక్కో వెంట్రుకగా గీయండి. చెవి ముందు చెంప మీదికి దిగే ముంగురు ఒకటి తప్పకుండా ఉండాలి. అది చెంప విశాలాన్ని చూపిస్తుంది.

దుపట్టా కోసం ముందుగా కింద ఉన్న జుట్టూ చెవీ మెడా భుజం పూర్తిగా వేసి ఉండాలి. దుపట్టా ఉండే చోటంతా నీళ్ళలాంటి తెలుపు ఒక్క పూత, మడతలు ఒకదాని మీద ఒకటి పడే చోట రెండో పూత, మడత అంచున సన్నని తెల్లగీత. కుంచెను ఒకే చోట రెండుసార్లు నడిపితే కింది నలుపు కరిగి తెలుపులో కలిసి బురద రంగు వస్తుంది. ఒక్క పోటులో పూసి వదిలేయాలి.

బంగారం, ముత్యాలు, కన్ను

బంగారు రేకులు పది తీసుకుని, పింగాణీ పళ్ళెంలో చిక్కటి తుమ్మబంక అర చెంచాతో వేలితో 45 నిమిషాలు నూరండి. గోరువెచ్చని నీళ్ళు పోసి రెండు మూడు గంటలు కదపకుండా ఉంచితే బంగారం అడుక్కు దిగుతుంది. పై నీళ్ళు వంచేయండి. ఇలా మూడుసార్లు కడిగాక రెండు చుక్కల పలుచని బంకతో వాడుకోవచ్చు. తక్కువ నూరితే ఇసుకలా రాలుతుంది, తక్కువ కడిగితే ఎంత రుద్దినా మెరవదు. నగలున్న చోట ముందు పసుపు మట్టితో ఆకారం వేసి, దాని మీద బంగారం పెట్టి, ఆరాక అకీకు మొనతో రుద్దండి. ఆ తర్వాత మొండి సూదితో సన్నని గుంటలు నొక్కితే వెలుతురు పడ్డప్పుడల్లా నగ మెరుస్తుంది. కెంపులకు బంగారం మీద లత్తుక చుక్క. పచ్చల కోసం పురుగు రెక్కల ముక్కలు అంటించడం బసోలీ పహాడీ పద్ధతి. హైదరాబాదీ బొమ్మకు పచ్చరంగు చుక్క చాలు.

నగల పేర్లు తెలిస్తే వేయడం సులువు. మెడకు అంటిపెట్టుకునేది చింతాక్, ఏడు పేటల ముత్యాలహారం సత్లడా, చెవికి కరన్‌ఫూల్, తల పక్కన ఝూమర్, ముక్కుకు నత్తు. పక్కముఖంలో నత్తు పూర్తి వలయంగా కనిపిస్తుంది. దాని ముత్యం పై పెదవి గీతను కొద్దిగా కప్పుతుంది. అందుకే పెదవి గీత పూర్తయ్యాకే నత్తు వేయాలి.

ముత్యాలు చిట్టచివరి మెరుగు తర్వాతే పెట్టాలి. ముందే పెడితే రాయి కింద నలిగిపోతాయి. చిక్కటి జింక్ వైట్‌లో బంక కొంచెం ఎక్కువ కలిపి, కుంచె మొనతో చుక్క పెట్టి నిలువుగా ఎత్తండి, గుండ్రంగా ఉబ్బి నిలుస్తుంది. ఆరాక కింది అంచున బూడిదరంగు నెలవంక గీత ఒకటి. పాత చిత్రాల్లో కొన్ని ముత్యాలు నల్లబడి ఉంటాయి. అది సీసపు తెలుపు గాలికి మారిన రంగు, చిత్రకారుడు వేసింది కాదు. చూసి వేసేటప్పుడు ఆ నలుపును నకలు చేయకండి.

కన్ను అన్నిటికన్నా ఆఖరున. కనుగుడ్డు తెలుపులో చిటికెడు నీలిమందు, మూలన లత్తుక చాయ, పై రెప్పకు ఒక్క నల్లగీత, కాటుక తోక కణత వైపు. నల్లగుడ్డు పెట్టే ముందు పక్క కాగితం మీద అదే కొలతలో పదిసార్లు పెట్టి చూసుకోండి. పొరపాటు జరిగితే తడి కుంచెతో ఎత్తవచ్చు గానీ రెండోసారికి కింది అస్తరు లేస్తుంది.

వెనకవైపు రాత

చుట్టూ బంగారు గీత ఒకటి, నీలి గీత ఒకటి గీసి హాషియా (బొమ్మ చుట్టూ అంచు) ముగించాక బొమ్మ మీద బేగం పేరేదీ రాయకండి. పాత చిత్రాలపై కనిపించే పేర్లలో కొన్ని తర్వాతి యజమానులో వ్యాపారులో చేర్చినవే, వాటి వల్ల ఇప్పటికీ గుర్తింపులు తారుమారవుతున్నాయి. కొత్త బొమ్మ మీద పాత పేరో పాత సంవత్సరమో ఫార్సీలో రాస్తే అది రేపు ఎవరి చేతిలోనో అసలుగా అమ్ముడవుతుంది. వస్లీ వెనుక మెత్తటి పెన్సిల్‌తో మీ పేరు, పూర్తిచేసిన తేదీ, ఏ మూలచిత్రాన్ని చూసి వేశారో దాని మ్యూజియం నంబరు, వాడిన తెలుపు ఏదో రాయండి. ల్యామినేషన్ చేయించకండి. ఆమ్లం లేని అట్టతో కిటికీ మౌంటు కట్టించి, గాజు ముత్యాలను తాకకుండా కనీసం 3 మిల్లీమీటర్ల ఎడం ఉంచమని ఫ్రేము కట్టేవారికి చెప్పండి. లత్తుక ఎండకు వెలిసిపోతుంది కాబట్టి కిటికీకి ఎదురు గోడ మీద తగిలించవద్దు.